రాత్రికి సింకు ఖాళీగా ఉంటే చాలు

దసరా దగ్గర పడుతోందంటే మన శీర్షికకి వంటింటి ఉత్తరాలు పెరుగుతాయి. విజయవాడలో ఇల్లున్న వాళ్ళకి ఇది చుట్టాల పండగ కూడా కదా, ఎక్కడెక్కడి వాళ్ళూ కొండెక్కి అమ్మవారిని చూసుకోవడానికి వచ్చి మనింట్లోనే దిగుతారు, దాంతో కంగారు మొదట పుట్టేది వంటింట్లోనే. ఈసారి ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పెద్దది, ఎందుకంటే అదే ప్రశ్న వేరే వేరే మాటల్లో చాలామంది అడిగారు.

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. నేను ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున అయిదింటికి లేచి టిఫిన్లు, నాలుగు క్యారేజీలు కట్టి తొమ్మిదికల్లా బయటపడాలి. సాయంత్రం వచ్చి వంటిల్లు చూస్తే ఏడుపొస్తుంది. ఆదివారం అంతా కూర్చుని కడిగితే మంగళవారానికి మళ్ళీ మామూలే. దసరాకి మా ఆడపడుచు వాళ్ళు వచ్చి నాలుగు రోజులుంటారు. ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ ఆదివారం కడగడం మానేయండి తల్లీ. నిజంగానే చెప్తున్నాను. వారమంతా పేరుకున్నదాన్ని ఒక్క పూటలో వదిలించాలని పట్టుబడితే నడుం పడిపోతుంది, ఉన్న ఒక్క సెలవూ పోతుంది, ఫలితం మంగళవారం దాకా కూడా నిలవదని మీరే రాశారు. అది మీ తప్పు కాదు. ఆరుగురు మూడు పూటలా తినే ఇంట్లో వంటిల్లు ఒకసారి కడిగితే కడిగినట్టు ఉండిపోదు, పెరట్లో వాకిలి ఊడ్చినట్టు అది ఏ రోజుకారోజు పని.

నేను చెప్పేవి రెండే. రాత్రి పడుకునేముందు సింకు ఖాళీగా ఉండాలి, స్టవ్ గట్టు పొడిగా ఉండాలి. అంతే. షెల్ఫులు సర్దలేదా, వదిలేయండి. పోపుల డబ్బా చుట్టూ ఆవాలు చిందాయా, రేపు చూద్దాం. ఫ్రిజ్జు మీద దుమ్ముందా, ఉండనివ్వండి. ఆ రెండూ అయిపోతే ఆ రోజుకి మీ వంటిల్లు శుభ్రంగా ఉన్నట్టే లెక్క, ఇక మిగతా దాని గురించి మనసులో కూడా పెట్టుకోవద్దు, దీపం ఆర్పేసి వెళ్ళి పడుకోండి.

అది ఎలా కుదురుతుందంటారా. భోజనం అవగానే ఎవరి కంచం వాళ్ళు తీసి, మెతుకులు బుట్టలో దులిపి, ఒకసారి నీళ్ళతో తొలిచి సింకు పక్కన పెట్టాలి, సింకులో పడేయకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అసలు కిటుకు ఇందులోనే ఉంది. ఎంగిలి కంచాలతో సింకు నిండిపోతే కుక్కరు కడగడానికి చోటుండదు, చోటు లేకపోతే పావుగంట పని కూడా కొండలా కనిపించి కాళ్ళు వెనక్కి లాగుతాయి. అడుగంటిన గిన్నెలో భోజనానికి కూర్చునేముందే నీళ్ళు పోసేయండి, మీరు తిని లేచేసరికి అది నాని ఉంటుంది. పాలు, పిండి అంటుకున్నవాటికి ముందు చన్నీళ్ళు, నూనె జిడ్డుకి వేణ్ణీళ్ళు. గ్లాసులు ముందు, కంచాలు తర్వాత, మూకుళ్ళు ఆఖరున, అలా అయితే పీచుకి పట్టిన జిడ్డు అన్నిటికీ అంటదు. అన్నీ అయ్యాక సింకు జాలీలో చూడండి, ఒక కరివేపాకు రెబ్బ, నాలుగు మెతుకులు, కాస్త టీపొడి ఇరుక్కుని ఉంటాయి. రాత్రంతా నానితే తెల్లారి మీరు తలుపు తియ్యగానే ముక్కుకి తగిలే వాసన వాటిదే. అవి తీసేసి, సింకుని కూడా ఒక పెద్ద గిన్నె అనుకుని సబ్బు పెట్టి తోమి, పొడిగుడ్డతో తుడిచేయండి.

స్టవ్‌ని మాత్రం గోరువెచ్చగా ఉండగానే తుడవాలి. దీనికి కారణం తెలిస్తే మీరే వాయిదా వేయరు. పోపు వేసినప్పుడల్లా కంటికి కనపడని నూనె తుంపర్లు గాల్లోకి లేచి స్టవ్ మీద, వెనక టైల్స్ మీద, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీద పడతాయి. ఆ పూటకి అది ఉత్త నూనే, రెండు చుక్కల సబ్బు వేసిన తడిగుడ్డతో పోతుంది. రోజులు గడిచేకొద్దీ వేడికీ గాలికీ అది చిక్కబడి బంకలా మారిపోతుంది, అప్పుడు నీళ్ళు పోసినా జారిపోతాయి తప్ప అది కరగదు. ఆదివారం మీరు భుజాలు నొప్పెట్టేలా రుద్దేది ఆ బంకనే. అంటే రాత్రి రెండు నిమిషాల పనిని మీరు వారం చివర అరగంట పని చేసుకుంటున్నారన్నమాట. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా పోపు వేసే ముందే వేసి, వంటయ్యాక పది నిమిషాలు తిరగనివ్వండి. స్టవ్ తుడిచేముందు రెగ్యులేటర్ కట్టేయడం మర్చిపోవద్దు, ఆ చేత్తోనే రబ్బరు ట్యూబు ఒకసారి వంచి పగుళ్ళున్నాయేమో చూడండి, చూడ్డానికి బాగానే ఉన్నా అయిదేళ్ళకోసారి మార్చాలి. మన వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే కిందనే పేరుకుంటుంది. అందుకే సిలిండర్ చుట్టూ సంచులు, పాత పేపర్లు కుక్కకుండా ఖాళీగా ఉంచండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఉత్తరంలో ఆరుగురి గురించి రాశారు, పని చేసేది మాత్రం ఒక్కరే. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని మనవాళ్ళ మాట ఒకటుంది, ఆ మాట నాకు చిన్నప్పట్నుంచీ మింగుడుపడదు. తిన్నది ఆరుగురైతే ఒక్కరినే ఎందుకు చూడాలి? నాకు పాప పుట్టిన కొత్తలో మేం గుంటూరులో అరండల్‌పేటలో ఉండేవాళ్ళం, ఒక రాత్రి సింకు ముందు నిలబడి గిన్నెలకేసి చూస్తూ ఏడ్చేశాను. అప్పుడు మా మామగారు వచ్చి ఏమీ అడగలేదు, పంచె ఎగ్గట్టి పీచు చేతిలోకి తీసుకుని, "నువ్వెళ్ళి పాపని చూడమ్మా" అన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ రాత్రి అంట్లు ఆయనవే. అది నాకు చేసిన సాయంలా ఎప్పుడూ మాట్లాడలేదు, తన పని అన్నట్టే చేసేవారు. మనిషి పోయి ఇన్నేళ్ళయినా రాత్రి సింకు తుడుస్తుంటే ఆయనే గుర్తొస్తారు.

అందుకని మీరు కూడా ఈ రోజే భోజనాల దగ్గర నోరు తెరిచి చెప్పండి. కోపంగా వద్దు, ఏడుస్తూ వద్దు, మామూలుగానే. అత్తగారికి నిలబడే ఓపిక లేకపోతే కూర్చుని కూరగాయలు తరిగిపెట్టొచ్చు, చింతపండు నానేయొచ్చు, పిల్లల క్యారేజీ గిన్నెలు ఎండాక మూతలు జత చేసిపెట్టొచ్చు. మామగారు పొద్దున్నే చెత్తబండికి తడిచెత్త, పొడిచెత్త విడివిడిగా ఇచ్చేస్తారు, ఎలాగూ ఆయన అప్పటికే లేచి పేపరు చదువుతూ ఉంటారు కదా. పిల్లలు కంచాలు తీస్తారు, తాగునీళ్ళ సీసాలు నింపుతారు. మీవారు అంట్లో, గట్టో, ఏదో ఒకటి పూర్తిగా తీసుకోవాలి. మొదటివారం ఎవరూ సరిగ్గా చేయరు, ఓపిక పట్టండి, మళ్ళీ మీరే లాక్కుని చేసేస్తే మాత్రం ఇక జన్మలో అది మీ పనే.

దసరా సంగతంటారా, అటక జోలికి అసలు వెళ్ళకండి. చుట్టాలెవరూ నిచ్చెన వేసుకుని అటక చూడరు. పండగలోపు ఉన్న ఆదివారాల్లో గంటకి మించకుండా ఒక్కో పని పెట్టుకోండి: ఒకసారి ఫ్రిజ్జు, ఒకసారి స్టవ్ వెనక టైల్స్, ఒకసారి తాగునీళ్ళు పెట్టే చోటు. గంట అవగానే ఎక్కడున్నా ఆపేయండి. ఇంటినిండా జనం ఉన్నప్పుడు ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా తీసుకోండి, వండిన అన్నం, కూరలు రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు, ఎండ మండే రోజైతే గంటకే ఫ్రిజ్జులోకి వెళ్ళాలి. అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో ఒక రకం క్రిములు పెరిగి విషం తయారు చేస్తాయి, తర్వాత మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. పెద్ద గిన్నెతో పెడితే లోపల చల్లబడదు, చిన్న గిన్నెల్లోకి తీసి పెట్టండి. ఇక మీ ఆడపడుచు వచ్చాక ఆవిడకి కూడా పని చెప్పండి. పుట్టింటికి వచ్చిన పిల్లకి చెప్పడమేంటి అనుకోకండి, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ తోముకుంటే ఆ అరగంటే మీ ఇద్దరికీ పండగలో బాగా గుర్తుండిపోతుంది.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. సింకు, కుళాయి తెల్లగా గార కట్టేశాయి. పనమ్మాయి బాత్రూముకి వాడే యాసిడ్ పోసి రుద్దితే సింకు మీద మచ్చలు పడ్డాయి, పక్కన కడప బండ గట్టు కూడా గరుకుగా అయిపోయింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: పనమ్మాయిని ఏమీ అనకండమ్మా, ఆ యాసిడ్ చేసే పని ఏమిటో సీసా మీద ఎవరికీ అర్థమయ్యేలా రాయరు. బోరు నీళ్ళలో ఉండే సున్నం లాంటి లవణాలే నీరు ఆరిపోయాక తెల్లగా మిగిలిపోతాయి, అదే గార. పులుపు దాన్ని కరిగిస్తుంది, అది నిజమే. కానీ బాత్రూం యాసిడ్ స్టీలుని కూడా తినేస్తుంది, చిన్న చిన్న గుంటలు పడతాయి, ఆ గుంటల్లో తర్వాత తుప్పు మొదలవుతుంది. సింకుకి అంత ఘాటు అక్కర్లేదు. పిండేసిన నిమ్మచెక్కలు పారేయకుండా ఉంచుకుని వాటితో రుద్దండి, లేదా వెనిగర్‌లో ముంచిన గుడ్డని కుళాయి మొదట్లో చుట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి, తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగేస్తే పెళ్ళలుగా ఊడొస్తుంది. బాగా ముదిరిన గార అయితే రెండు మూడు రోజులు వరసగా చేయాలి.

కడప బండ సంగతి వేరు. అది సున్నపురాయి జాతి. మన పల్నాడు నాపరాళ్ళూ అంతే. పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నం కోసం కాల్చే రాయికి ఇవన్నీ చుట్టాలే, కాబట్టి యాసిడే కాదు, నిమ్మకాయ పడినా, చింతపండు పులుసు ఒలికి ఆరిపోయినా దాని మెరుపు పోతుంది. మీ గట్టు గరుకైంది అందుకే, అది మురికి కాదు, ఎంత రుద్దినా తిరిగి రాదు, రుద్దేకొద్దీ ఇంకా అరుగుతుంది. దాన్ని సబ్బునీళ్ళతోనే తుడవండి, మరీ బాధనిపిస్తే పాలిష్ చేసేవాళ్ళని పిలిపించుకోవచ్చు. గ్రానైట్ గట్టున్న వాళ్ళకి ఈ బాధ అంతగా లేదు.

ఇంకొక్క మాట, ఇది అందరికీ. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపొద్దు. ఒకటి పోసి కడగకుండానే రెండోది పోసినా అంతే. క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, మన వంటిళ్ళ లాంటి ఇరుకు గదుల్లో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. రెండూ కలిపితే ఇంకా బాగా తెల్లబడుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. వంటసోడా, వెనిగర్ కలపడం వల్ల ప్రమాదం లేదు గానీ లాభమూ లేదు, బుస్సుమని పొంగి రెండూ ఒకదాన్నొకటి చంపుకుని నీళ్ళయిపోతాయి. జిడ్డుకి సోడా, గారకి పులుపు, దేనికది విడిగా వాడండి.

ఉప్పు నీళ్ళు మాత్రం మనం మార్చలేం. అందుకే పైన చెప్పిన రాత్రి తుడుపు మీ గుంటూరు ఇళ్ళకి ఇంకా అవసరం. నీటిచుక్క ఆరితేనే గార, ఆరకముందే తుడిచేస్తే గారకి చోటే లేదు.

ప్రశ్న: విజయవాడ పటమట నుంచి రాస్తున్నాను. మా ఆవిడకి వంటింట్లో సాయం చేద్దామని నాకు మనస్ఫూర్తిగా ఉంది. నేను అంట్లు తోమితే తను మళ్ళీ తోముతుంది. స్టవ్ తుడిస్తే మూలలు వదిలేశావంటుంది. దాంతో మానేశాను. ఇప్పుడు సాయం చేయట్లేదని కోపం.

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషించాను బాబూ, మగవాళ్ళ నుంచి ఇలాంటివి అరుదుగా వస్తాయి. కానీ ఒక మాట సూటిగా చెప్తాను. "సాయం" అన్న మాట దగ్గరే తేడా వస్తోంది. సాయం అంటే పని ఆవిడది, మీరు చెయ్యి వేస్తున్నారని అర్థం, పని ఆవిడదైతే తప్పులు పట్టేదీ ఆవిడే కదా. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకి 289 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. అసలు ఏ ఇంటిపనీ ముట్టుకోని వాళ్ళని పక్కన పెట్టి, చేసేవాళ్ళ మధ్యే అంత తేడా ఉంది.

మీరు ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా మీదిగా తీసుకోండి. రాత్రి అంట్లు అనుకుందాం. అంటే సబ్బు అయిపోతోందని చూసుకోవడం, పీచు మార్చడం, పనమ్మాయి రాని రోజు గుర్తుంచుకోవడం, తోమిన గిన్నెలు బోర్లించి ఆరాక ఎక్కడివి అక్కడ పెట్టడం, అన్నీ మీవే. ఆవిడ మళ్ళీ ఎందుకు తోముతోందో కూడా ఒకసారి చూడండి. నాకు తెలిసి గిన్నె లోపల శుభ్రంగానే ఉంటుంది. వెనక్కి తిప్పి అంచు కింద వేలితో రాయండి, మూకుడు చెవుల సందుల్లో, కుక్కరు మూత రబ్బరు కింద, టీ వడపోసే జాలీ పిడి దగ్గర, అక్కడ వేలు జారితే జిడ్డు ఉన్నట్టు. అది ఆవిడ చాదస్తం కాదు, ఆ జిడ్డు మర్నాడు పాలగిన్నెకి అంటితే ఇబ్బంది పడేది తనే. రెండు వారాలు ఆ నాలుగు చోట్లా చూసుకుని తోమండి.

ఆవిడకి కూడా చెప్తున్నాను, ఇది చదువుతారని ఆశ. అమ్మా, ఆయన తోమిన గిన్నె ఆయన ముందు మళ్ళీ తోమకండి. ఏదైనా మిగిలిపోతే చూపించి పక్కన పెట్టండి, ఆయనే తోముతారు.

ప్రశ్న: గుంటూరు కొత్తపేట. మా అమ్మ ఏదీ పారేయనివ్వదు. హార్లిక్స్ సీసాలు, స్వీటు డబ్బాలు, మూతల్లేని ప్లాస్టిక్ డబ్బాలు, మూడు ఆవకాయ జాడీలు (ఇప్పుడు పెట్టేది ఒక్క జాడీడే), నాయనమ్మ ఇత్తడి సామాను. గట్టు మీద చెయ్యి పెట్టడానికి చోటు లేదు. పారేద్దామంటే గొడవ.

జవాబు: అమ్మకి తెలియకుండా పారేయడం మాత్రం చేయకండి. ఆ తరం వాళ్ళు ఒక డబ్బా సంపాదించుకోవడానికి ఎంత కష్టపడ్డారో మనకి తెలీదు, ఒక్కటి మాయమైందని తెలిస్తే మిగతా అన్నిటినీ ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

మూతలతో మొదలుపెట్టండి. మధ్యాహ్నం అమ్మ తీరిగ్గా ఉన్నప్పుడు డబ్బాలన్నీ హాల్లో పేపరు పరిచి పోసి, ఆవిడనే దేనికి ఏ మూతో జత చేయమనండి. చివరికి మూత లేని డబ్బాలు, డబ్బా లేని మూతలు ఒక గుట్ట మిగులుతుంది, దాన్ని చూశాక ఆవిడే అంటుంది తీసేయమని. పగిలినవి, పసుపు పట్టి గీతలు పడిన ప్లాస్టిక్కు కూడా అప్పుడే అడగండి, గీతల్లో జిడ్డు చేరితే ఎంత తోమినా వదలదని చూపించండి. సీసాలు పప్పులకి, పొడులకి పనికొస్తాయి, గాజు చాలా మంచిది, వాటిని ఉంచి ఆ ప్లాస్టిక్కుని పంపించేయండి.

జాడీలు మూడూ ఉండనివ్వండి. నిజమే, ఇప్పుడు ఒక్కటే నిండుతోంది. కానీ ఆ మిగతా రెండూ నిండిన ఎండాకాలాలు ఆవిడకి గుర్తున్నాయి, ఇంటినిండా ఆవపిండి ఘాటు, మిర్చియార్డు నుంచి తెప్పించిన కొత్తకారం, మామిడికాయలు తుడిచి ముక్కలు కొట్టే మనుషులు. కడిగి, ఒకరోజంతా ఎండలో పెట్టి, గుడ్డ వాసెన కట్టి అటక మీద పెట్టండి. గట్టు మీద మాత్రం రోజూ చేతిలోకి తీసుకునేవే ఉండాలి, వారంలో ఒక్కసారైనా ముట్టుకోనిది గట్టు దిగాల్సిందే. ఇత్తడిని ఏడాదికోసారి చింతపండు, ఉప్పుతో తోముకుంటే చాలు.

ప్రశ్న: భవానీపురంలో అపార్టుమెంటు. బొద్దింకలు. స్ప్రే కొడితే రెండు రోజులు తగ్గి మళ్ళీ వస్తున్నాయి. ఇల్లు శుభ్రంగానే ఉంచుతాం.

జవాబు: మీరు శుభ్రంగా ఉంచినా పక్క ఫ్లాట్ల నుంచి పైపుల వెంట వస్తాయి, కాబట్టి సిగ్గుపడాల్సిందేమీ లేదు. తిండి లేకుండా అవి చాలా రోజులు బతుకుతాయి గానీ నీళ్ళు లేకుండా అన్నాళ్ళు ఉండలేవు. సింకు పొడిగా ఉంచడం, కింద పైపు కారుతుంటే బాగు చేయించడం, రాత్రి సింకు జాలీ మూసేయడం, వీటితోనే సగం పని అవుతుంది. అట్టపెట్టెలు వంటింట్లో దాచొద్దు, ఆ మడతల్లోనే గుడ్లు పెడతాయి. బోరిక్ పౌడరు, గోధుమపిండి, కాస్త పంచదార కలిపి చిన్న ఉండలు చేసి ఫ్రిజ్జు వెనక, సిలిండర్ వెనక పెట్టండి, చంటిపిల్లలకీ పెంపుడు జంతువులకీ అందకుండా. ఉండలు పెట్టిన చోట స్ప్రే కొట్టకూడదు, ఆ వాసనకి అవి ఉండల దగ్గరకే రావు. మీ అంతస్తులో అందరూ ఒకేసారి చేస్తేనే ఫలితం నిలుస్తుంది.

ప్రశ్న: అజిత్‌సింగ్ నగర్ నుంచి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా ఇంట్లో నడుం దాకా నీళ్ళొచ్చాయి. వంటిల్లంతా బురద. అప్పట్నుంచి ఎంత కడిగినా నాకు తృప్తి లేదు. కింది అరల్లో ఇంకా వాసన వస్తున్నట్టే ఉంటుంది. రోజుకి రెండుసార్లు కడుగుతున్నాను. మా వాళ్ళు అది నీ భ్రమ అంటున్నారు.

జవాబు: చెల్లెమ్మా, ఆ రోజుల్లో ఫ్లైఓవర్ దగ్గర పాలప్యాకెట్ల కోసం, పడవల కోసం నిలబడ్డ జనం నా కళ్ళముందు ఇంకా ఉన్నారు. మీరు బాధపడుతున్నది ఊరికే కాదు. అందులోనూ వాసన భ్రమ కాకపోవచ్చు, ముందు అది తేల్చుకుందాం.

మీ కింది అరలు చెక్కపొట్టుతో చేసిన రకం అయితే అవి నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. చూడ్డానికి ఆరినట్టున్నా లోపల బూజు బతికే ఉంటుంది. తలుపు కింది అంచు పట్టుకుని గోటితో గీకి చూడండి, పొడిలా రాలినా, పొరలుగా విచ్చుకున్నా, దాన్ని మీరు రోజుకి పదిసార్లు కడిగినా లాభం లేదు, కడిగేకొద్దీ ఇంకా తడి పీలుస్తుంది. అవి తీసేయించండి. మళ్ళీ చేయించుకోవడానికి ఇప్పుడే డబ్బు కుదరకపోతే ఖాళీగా వదిలేయండి, గోడకి గాలి తగలాలి. గోడ మీద చెయ్యి పెడితే చెమ్మ తెలుస్తుంటే రోజూ మధ్యాహ్నం కిటికీ తీసి టేబుల్ ఫ్యాను అటు తిప్పి పెట్టండి. స్టీలు, గాజు, ఇత్తడి సామాను గురించి భయం వద్దు, సబ్బుతో తోమి మరిగే నీళ్ళలో ఒకసారి ముంచి తీస్తే చాలు, వాటిలో ఏదీ దాక్కోలేదు. వరదనీళ్ళలో నానిన చెక్క గరిటెలు, చపాతీ పీట పగుళ్ళు విచ్చి ఉంటే మాత్రం ఇక వాడకండి.

ఇవన్నీ అయ్యాక కూడా చేతులు వాటంతటవే బకెట్టు వైపు వెళ్తుంటే, ఆ సంగతి ఇంట్లో వాళ్ళకి వివరంగా చెప్పండి, ఆ రాత్రి ఏం జరిగిందో, మీరేం పోగొట్టుకున్నారో మొత్తం. వినేవాళ్ళు లేరనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి వెనకాడకండి, ఇలాంటి భయాలకి కూడా వైద్యం ఉంది. మీ ఇంట్లో వాళ్ళకి నా మాటగా చెప్పండి, "భ్రమ" అనొద్దని.

మళ్ళీ సర్దుకునేటప్పుడు బియ్యం, పప్పులు, గోధుమపిండి నడుం ఎత్తుకి పైన ఉన్న అరల్లో పెట్టుకోండి. మిక్సీ, గ్రైండరు కూడా పైకే. కింది వరసకి తలుపులు బిగించకుండా, ఇనప చట్రం ఒకటి వేయించుకుని, దాని మీద పెద్ద గుండిగలు, బిందెలు, స్టీలు డేక్సాలు పెట్టండి. వాటికి నీళ్ళు తగిలినా ఏమీ కాదు.